ముందు ప్లగ్గు చూడండి

ఆ ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే అతన్ని అందరూ తీగల డాక్టరు అనేవారు. వెటకారానికి కాదు, అతను లేనిదే అక్కడ పని జరగదు మరి. గుండె వార్డులో పన్నెండు మానిటర్లు, వాటి కేబుళ్ళన్నీ పాతవే. రోజూ మందునీళ్ళతో తుడిచి తుడిచి ప్లగ్గుల్లో పిన్నులు చిలుమెక్కాయి. మనిషి నిక్షేపంగా కూర్చుని పేపరు చదువుకుంటుంటే తెరమీద గీత పడిపోయి అలారం గోల పెట్టేది. కొత్తవి తెప్పించండి మహాప్రభో అని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎవరు విన్నారు గనక! చివరికి నర్సులకి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"కంగారు పడకండమ్మా. గీత పడిపోతే ముందు ప్లగ్గు చూడండి. నూటికి తొంభైతొమ్మిదిసార్లు రోగం తీగదే."

నిజమే, ప్లగ్గు కాస్త కదిపితే గీత లేచేది. ఆ వార్డులో అలారం నాన్నా పులి కథైపోయింది.

అతని అక్క కూడా ఆ వార్డులోనే ఉంది, గుండె ఆపరేషనై మూడో రోజు. అమ్మ పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. ఆ మధ్యాహ్నం మేనకోడలు మందులకి వెళితే, మంచం పక్కన అతను కూర్చున్నాడు. అక్క కునుకు తీస్తోంది.

గీత పడిపోయింది. అలారం మోగింది.

"మళ్ళీ తీగేనా అన్నా?" అంది నర్సు, అవతలి మంచం దగ్గర్నుంచి.

"ఆఁ, తీగే. నే చూస్తాలే."

ప్లగ్గు కదిపాడు. ఊడదీసి, స్పిరిటు దూదితో పిన్నులు తుడిచి మళ్ళీ పెట్టాడు. గీత లేవలేదు. "దీని దుంపతెగ!" అక్కకి నిద్ర చెడుతుందని అలారం నొక్కి ఆపేశాడు. సంచిలోంచి నిన్న బాగుచేసిన కేబులు తీసి తగిలించాడు. దాంతోనూ లేవలేదు. అప్పుడుగాని తల తిప్పి అక్క మొహం చూడలేదు. పెదాలు నల్లబడి ఉన్నాయి.

కేకేశాడు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చి ఛాతీ నొక్కారు, కరెంటు షాకిచ్చారు. ఏం లాభం, అప్పటికే ఆలస్యమైపోయింది.

"నేనైనా అదే చేసేదాన్నన్నా," అంది నర్సు కళ్ళు తుడుచుకుంటూ. ఆమెకి అది నేర్పింది అతనే.

మేనకోడలు మందుల సంచితో వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చాలాసేపటికి అడిగింది.

"మామయ్యా, పోయేముందు అమ్మ బాధపడిందా? ఎవర్నైనా పిలిచిందా?"

లేదమ్మా, నిద్రలోనే పోయింది అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"తెలీదమ్మా," అన్నాడు. "పక్కనే ఉన్నాను. చూడలేదు."