బాగుపడ్డ నేరానికి

నోరు జారడమంటే ఎవరినో తిట్టడమో, గుట్టు బయటపెట్టడమో అనుకుంటాం. రిటైరైన ఆ బస్సు డ్రైవరు మాత్రం మెచ్చుకుని నోరు జారాడు. కొంప మునిగింది.

ఒంటరిగా, బితుకుబితుకుమంటూ బతికేవాళ్ల దగ్గరికి వారానికోసారి ఒక స్నేహితుణ్ని పంపే సంస్థ ఒకటుంది. జీతం బత్తెం లేని పని. డ్రైవరు మెడలో ఫొటో కార్డు వేసుకుని, లాండ్రీ కొట్టు మేడమీద ఒంటిగదిలో ఉండే చిన్నోడి దగ్గరికి వెళ్లేవాడు. చిన్నోడంటే పసివాడేం కాదు. నలభై దాటాయి, బుద్ధి మాత్రం నెమ్మది. తల్లి పోయాక గడప దాటలేదు. రోడ్డంటే హడల్. అలాంటివాణ్ని డ్రైవరు బతిమాలి, బుజ్జగించి, అప్పుడప్పుడూ కసిరి, ఎదురుగా ఉన్న బ్రెడ్డు కొట్టుదాకా రోడ్డు దాటడం నేర్పాడు. ఒంటరిగా దాటిన రోజున చిన్నోడు అవతల నిలబడి తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

సంబరం పట్టలేక డ్రైవరు సంస్థ మేడంకి ఫోన్ చేశాడు. “మావాడు ఒక్కడే దాటేస్తున్నాడమ్మా!”

“అయితే ఇంక మన అవసరం లేదన్నమాట! మంచి వార్త అంకుల్,” అందావిడ. వచ్చే వారమే ఆఖరిసారట. తనే వచ్చి ఫొటో తీస్తుందట. ఆ తర్వాత కలవకూడదు, ఫోన్ చేయకూడదు. అది సంస్థ నియమం.

“నడక రాగానే కాళ్లు తీసేసుకుంటామన్నట్టుంది మీ వరస!”

“ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు అంకుల్,” అని చల్లగా ఫోన్ పెట్టేసింది.

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ సంగతి చిన్నోడికి చెప్పాల్సింది తనే.

“నేనేం తప్పు చేశాను బాబాయ్?”

“తప్పు కాదురా. బాగుపడ్డావు. అందుకని రావద్దంటున్నారు.”

చిన్నోడు ఆ మాటను చాలాసేపు లోలోపల నమిలాడు.

ఆఖరి రోజున మేడం ఫోన్ పట్టుకుని అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడింది. “నవ్వుతూ రావాలి, సరేనా!” అని కేకేసింది. చిన్నోడు డ్రైవరు వంక ఓరగా చూశాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసుకునే రోడ్డు మీదికి అడుగేశాడు.

డ్రైవరు ఒక్క ఉదుటున ముందుకు దూకాడు. కాలర్ పట్టి వెనక్కి లాగితే చొక్కా చిరిగింది గానీ మనిషి దక్కాడు. వ్యాను ఒకటి వాళ్ల ముక్కుల ముందునుంచి దూసుకుపోయింది.

“పిచ్చా నీకు?”

“నాకు రాదు బాబాయ్. చూశావుగా?” చిన్నోడు అతని చేతిని రెండు చేతులా పట్టేసుకున్నాడు. “నాకేం రాదు. మళ్లీ నేర్పాలి.”

మేడం పరుగున వచ్చింది. “అయ్యో, ఇంకా బాగుపడలేదే! అయితే ఇంకో మూణ్నెల్లు పొడిగిద్దాం అంకుల్.”

“పొడిగించడానికి ఇదేమన్నా బస్సు పాసా?” డ్రైవరు కేకకి బ్రెడ్డు కొట్టువాడు కూడా బయటికొచ్చాడు. “చావబోతే స్నేహితుడు, బతికితే ఫొటోనా? ఇదేం న్యాయం తల్లీ?” మెడలోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “నేను మీ మనిషిని కాదు. వీడి మనిషిని. వద్దనడానికి ఇక మీరెవరు?”

“కోపంలో అంటున్నారు.”

“కోపంలోనే అంటున్నా. తగ్గాకా ఇదే అంటా.”

చిన్నోడు అతని చెయ్యి గుంజాడు. “బాగా దాటినా వస్తావా?”

“బాగా దాటితేనే వస్తా. ఇంకోసారి కళ్లు మూశావో, వీపు విమానం మోత మోగుద్ది!”

చిన్నోడు తలూపాడు గానీ నమ్మలేదు. నమ్మేంత ధైర్యం వాడికి ఎవరు మిగిల్చారని? ఆ తర్వాత డ్రైవరు ప్రతి వారం వచ్చాడు. కానీ చిన్నోడు, అతను చెయ్యి పట్టుకుంటే తప్ప, ఖాళీ రోడ్డు కూడా దాటేవాడు కాదు.