అడుగక తెచ్చిన తీగ

తమ్ముని భార్యయగు నాగరత్నము దొంగ. యర్రంశెట్టి బాపన్న ఈ మాటను వాదముగా గాని అనుమానముగా గాని పలుకువాడు కాడు. గోదావరి తూర్పునకు పాఱునని చెప్పినట్లే చెప్పువాడు.

ఆశ్వయుజమాసము గడచుచుండెను. వానకాలమంతయు ఎఱ్ఱని మట్టినీటితో లంకలను ముంచి తేల్చి యాడిన గోదావరి అలసిన ఏనుగువలె తన గర్భములోనికి ఒదిగిపోగా, అది విడిచిన మెత్తని ఒండ్రు అరటిపాదులయందును కొబ్బరిచెట్ల మొదళ్లయందును పెరటిమళ్లయందును వెన్నవలె పఱచుకొని నిర్మలాకాశమునుండి కురియు పసుపుపచ్చని యెండకు దినదినము నాఱుచు, అడుగు మోపినచోట అడుగుగుర్తు నిలుచునంతటి పదునునకు వచ్చెను. రెల్లు పూచి ఇసుకదిబ్బలు తెల్లనాయెను. మొగలిలంకలోని యిల్లాండ్రందఱును కొంగులు నడుమునకు బిగించి మట్టిని గట్లుగా బోదెలు త్రోసి చిలగడదుంప తీగలు నాటుచుండిరి. బాపన్న పెరటిలోని మడి యొక్కటియే బోసిగా నుండెను.

ఆ మడి అతని గతించిన భార్య వీరాయమ్మది. ఆమె కాపురమునకు వచ్చిననాడు తడిగుడ్డలో చుట్టిన దుంపతీగమోపు నెత్తిపై బెట్టుకొని పల్లకి దిగెనని ఊరివారు చాలకాలము నవ్వుకొనిరి. పిదప ఆ దుంప తిని నవ్వు మానిరి. తోలు ఎఱుపు, లోపల పసుపుముద్ద. కుండలో పేర్చి తంపట వేసి కాల్చినచో తోలు చిట్లి జిగురుపానకము కాఱునట్టి జాతి అది. ప్రతియేడును శివరాత్రి యుపవాసమునాటికి వీరాయమ్మ తంపట తీయుచుండగా ఎంతటి కటికమాటల మనిషియైన బాపన్నయు నోరు మూసికొని ప్రక్కన కూర్చుండెడివాడు.

మూడేండ్ల క్రిందట నడివేసవిలో ఆమె జ్వరముతో కన్నుమూసెను. ఇంట మైల తీఱక మునుపే, బాపన్న వీధియరుగుపై తల వంచుకొని కూర్చుండియుండగా, నాగరత్నము కొడవలి చేతబట్టి వచ్చి ఆ మడిలోని తీగయంతయు కోసి తట్టకెత్తుకొని దడిసందున తన పెరటిలోనికి పోయెను. దాహమునకు లోపలికి వచ్చిన బాపన్న ఆమె వీపును చూచెను. చూచినదానిని దాచుకొనుట అతనికి చేతకాదు. పెద్దకర్మనాడు బంధువులందఱును విస్తళ్ల ముందు కూర్చుండియున్నవేళ "చచ్చినదాని సొత్తు దోచుకుపోయింది నా తమ్ముడి పెళ్ళాం. అది దొంగ" అని ప్రకటించెను. నాగరత్నము వడ్డించుచున్న గరిటెను నేలపై నుంచి వెడలిపోయెను. ఆ సాయంకాలమే అతడు రెండు పెరళ్ల నడిమి సందును తుమ్మకంపతో మూసివేసెను. నాటినుండి తమ్ముడు పల్లయ్యతోను మాట లేదు.

మఱుసటి యేడు బాపన్న సంతలో తీగ తెచ్చి నాటెను. అతడు వరిచేనిలో పెరిగినవాడు. పైరనగా నీరు నిలుపవలెను ఎరువు కుమ్మరింపవలెను అనునదియే అతడెఱిగిన శాస్త్రము. ఉదయసాయంకాలములు కడవలతో నీరు పోసెను. పెంటదిబ్బలో సగము తెచ్చి మడిలో గుప్పెను. తీగ దడి యెక్కెను. ఊరి మేకలు చూచి నిట్టూర్చునంతటి పచ్చదనముతో ఆకు కమ్ముకొనెను. త్రవ్విచూడగా ఎలుకతోకలవంటి వేళ్లు తప్ప దుంప లేదు. ఆ మఱుసటి యేడును అంతియే. నాగరత్నము కొనిపోయినది తీగను మాత్రమే కాదనియు మడిలోని పసను సైతము కొనిపోయెననియు అతడు తీర్మానించుకొనెను. అటుపైని నాటుట మానెను గాని తినవలెనను కోరిక మానలేదు. సంతదుంపను ఉడికించుకొని రెండు కబళములు తిని తక్కినది కాకులకు వేసెను. ఆఱుపదులు దాటిన ఆ మొండిమనిషికి లోకమున కోరదగిన వస్తువు ఒక్కటి మిగిలియుండెను; అది దడి కావల పండుచుండెను; ఒక్క మాట యడిగినచో దొరకును; ఆ మాట యడుగుటకంటె నాలుక కోసికొనుట అతనికి సులభము.

ఇట్లుండగా ఆవలియొడ్డునుండి అతని అక్క అచ్చియ్యమ్మ పడవ దిగి వచ్చెను. ఆమె నోట పండ్లు లేవు గాని నాలుకకు పదును తగ్గలేదు. రాగానే పెరటిలోనికి పోయి బోసిమడిని చూచి నడుముపై చేతులుంచుకొని నిలిచెను.

"ఏరా బాపన్నా, వీరాయి దుంప ఏదిరా?"

"దొంగెత్తుకుపోయింది. నీకు తెలీదా?"

"ఏ దొంగ? మన రత్నమా? నువ్వు ఆ రోజు గంతులేసింది ఈ తీగ కోసమా! నేనింకా ఏ బంగారపు నానుతాడో పోయిందనుకున్నాను!"

అచ్చియ్యమ్మ తమ్ముని మొగమును ఒక్క క్షణము పరికించి పిమ్మట దడి కావలనున్న దూడ బెదరి త్రాడు లాగునట్లు నవ్వెను.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఒకింటి ఆడాళ్ళు దుంపతీగ అడిగి పుచ్చుకుంటారట్రా? అడిగి తెచ్చింది ఆకేస్తుంది, అడక్కుండా తెచ్చింది దుంపేస్తుంది. మన అమ్మ పిన్ని మడిలో కోసుకొస్తుంటే పిన్ని చూసి అటు తిరిగి కూర్చునేది. నేను ఇంకో ఇంటిపేరుదాన్నయ్యాను గాని, లేకపోతే నేనే ఎప్పుడో కోసుకుపోదును."

"చావింట్లోనా కొయ్యడం?"

"చావింట్లోనే కొయ్యాలి. మైల తీరేదాకా పోయినదాని మడికి నీళ్ళు పొయ్యకూడదాయె. ఆ ఎండల్లో తీగ బతుకుతుందా? తోడికోడలన్నది పట్టుకుపోయి నూతి కాలవ పక్కన పెట్టి బతికించాలి. వానలు పడ్డాక ఎవరూ చూడకుండా తెచ్చి మళ్ళీ ఇక్కడే గుచ్చాలి."

"మరి నోరిప్పి ఆ ముక్క చెప్పలేదేం?"

"చెప్తే అడిగినట్టే గదరా మొద్దూ."

"పోనీ తెచ్చి గుచ్చలేదేం?"

"పదిమందిలో దొంగన్నావు. ఆ తరవాత తెచ్చి గుచ్చితే దొంగసొత్తు ఒప్పజెప్పినట్టు కాదూ? దానికి మాత్రం రోషం ఉండదూ? ఇంక దారి ఒకటే. ఈ ఇంటి మనిషే వెళ్ళి కోసుకోవాలి. అడక్కుండా."

"నన్ను దొంగతనానికి పొమ్మంటావా?"

"ఏం? మాట వెనక్కి తీసుకోవడం నీకెలాగూ రాదు. కొడవలి పట్టుకోవడమైనా వచ్చా, అదీ మర్చిపోయావా?"

బాపన్న అదంతయు ఆడవారు కట్టిన కథ అనుకొనెను. అక్క పడవ యెక్కి పోయిన తరువాతను అట్లే అనుకొనెను. అయినను కాళ్లు దినమున కెన్నిమాఱులో మడివైపునకు నడచుచుండెను. ఒండ్రు పైపై పొర బిగియుచుండెను. ఇంక కొలది దినములు జాగుచేసినచో పదును పోవును, ఆ యేడు గడచును. ఆఱుపదులు దాటినవానికి ఏడు గడచుట చిన్నమాట కాదు.

సంతరోజు వచ్చెను. ఊరిలోని మగవారందఱును పడవలపై పోయిరి. మిట్టమధ్యాహ్నమున, కోడిసైతము నీడ వెదకికొని కునుకు వేళ, ఎన్నడును ఎవ్వరి గడ్డిపోచయు ముట్టని యర్రంశెట్టి బాపన్న అంగవస్త్రము తలకు చుట్టి కొడవలి చంకనుంచి తానే మూసిన తుమ్మకంపను తానే లాగుచు ముండ్లు గ్రుచ్చుకొన్న ప్రతిమాఱును తమ్మునింటివారిని మనసులో తిట్టుకొనుచు దడి దాటెను.

నూతికాలువ ప్రక్కన ఆ తీగ పఱచుకొనియుండెను. నక్షత్రమువంటి ఆకు, ఊదారంగు కాడ. అతడు గుర్తించెను, గుర్తించి మోకాళ్లపై కూర్చుండిపోయెను. పిమ్మట లావుపాటి మొదలొకటి పట్టి కొడవలితో రంపము కోసినట్లు కోయసాగెను. అంతలో కుడితికుండ చేతబట్టుకొని నాగరత్నము పెరటివాకిటికి వచ్చెను.

ఇరువురి చూపులును కలిసెను. మూడేండ్లుగా ఒకరి మొగమొకరు చూడని ఆ ఇరువురి నడుమ కొడవలి యొక్కటి యెండలో మెఱయుచుండెను. ఆమె కేక వేసినచో ఇరుగుపొరుగు చేరును. పదిమంది యెదుట అతడాడిన మాట పదిమంది యెదుట అతనికే తగులును. బాపన్న కది తెలియును. అయినను లేవలేదు.

నాగరత్నము కేక వేయలేదు. మెల్లగా అతనికి వీపు త్రిప్పి దూడ ముందు కుండ దింపి, దానితో నిట్లనెను.

"ఒసే తువ్వాయీ, ముదురు మొదలు కోస్తే పురుగు పడుతుందే. కొసన జానెడు లేతకొమ్మలే నాటుకోవాలి. తెలీనివాళ్ళకి చెప్పొద్దూ?"

తమ్ముని భార్య బావగారితో ముఖాముఖి మాటలాడుట ఆ లంకలో మర్యాద కాదు. దూడతో మాటలాడుట దోషము కాదు. బాపన్న చెవులు వేడెక్కెను.

"తువ్వాయీ, నాకు తెలుసని చెప్పు" అనెను. అతనికి తెలియదు. తెలియకున్నను కొసకొమ్మలే కోసికొని పోయెను. దూడ ఇరుపక్షముల మాటలును విని కుడితి త్రాగెను.

ఆ సందును అతడు మఱల మూయలేదు. మూయనందులకు కంప కుళ్లినదని కారణము చెప్పుకొనెను. బోదెలు త్రోసి తీగ నాటి కడవ లెత్తి నీళ్లకు బోవునప్పటికి దడి కావలనుండి మాట వినవచ్చెను. "తువ్వాయీ, కొమ్మ నాటుకున్నాక నీళ్ళు ఊరికే పొయ్యకూడదే. వరిమడి అనుకున్నారు కాబోలు! పెంట వేస్తే ఆకు మదిస్తుంది, దుంప ఊరదు." పుష్యమాసమున తీగ నేలంతయు ప్రాకినప్పుడు మఱల వినవచ్చెను. "కణుపు కణుపుకీ వేరు దిగితే సత్తువంతా పంచుకుపోతుందే. వీరాయక్క కర్రతో ఎత్తి తిరగేసేది. అదేదో ఆట అనుకునేవారు కొందరు."

వీరాయమ్మ సాయంకాలము కఱ్ఱ చేతబట్టి మడిలో తీగలను మెల్లగా లేవనెత్తుచుండుట బాపన్న యెఱుగును. ఏండ్లకొలది చూచెను, ఎందులకని అడుగలేదు. ఇప్పుడు అదే కఱ్ఱ చూరునుండి తీసి తీగలను ఎత్తి త్రిప్పెను. సన్నని వేళ్లు పటపట తెగుచుండ అతనికి సంతతీగ యేల ఫలింపలేదో తెలిసెను. తెలిసికొని ఎవ్వరితోను అనలేదు. తనతో సైతము అనుకొనలేదు. ఎండ వాలునపుడు ఆ పని చేయుచు అతడొక కూనిరాగము తీయుచుండుట మాత్రము దడి కావలివారు విని నోట కొంగు నొక్కుకొనిరి.

మాఘమాసమున మొదళ్లచుట్టును నేల నెఱ్ఱెలు విచ్చెను. బాపన్న గునపమును దూరముగ దింపి మట్టిని చేతులతోనే తొలచి మొదటి దుంపను లాగెను. అది మూరెడు బిడ్డవలె చేతిలో బరువుగా నిలిచెను. గీరుకొన్నచోట పాలు కాఱెను. గంపలు నిండెను. వానిని నీడలో పఱచి తీపి దిగువఱకు ముట్టక, దినమున కొకసారి పోయి చూచి వచ్చుచు, శివరాత్రినాటి ప్రొద్దుట పాతకుండ కడిగి దుంపలు బిగువుగా పేర్చి మూతి గడ్డితో కూరి బోర్లించి చుట్టును ఎండుకమ్మలు పిడకలు పేర్చి నిప్పు పెట్టెను. తంపట వేయుట సులభము, తీయుట కష్టము. ముందు తీసినచో పచ్చి, ఆలసించినచో బొగ్గు. వీరాయమ్మ వాసన పట్టి తీయుచుండెడిది. అతడును బూడిద ప్రక్కన కూర్చుండి ముక్కు పైకెత్తి నిరీక్షించెను. తోలు మాడిన కమ్మదనమును వెనువెంటనే బెల్లపుపాకమువంటి తీపియు గాలిలో కలియగా కఱ్ఱతో కుండను త్రోసెను. ఆవిరి లేచెను.

"అన్నయ్యా, వాసన మా ఇంటికొచ్చింది గాని పిలుపు రాలేదు" అని దడిసందునుండి పల్లయ్య పలికెను.

"వాసన వచ్చాక పిలుపెందుకురా? నీకు ముక్కు ఒకటీ చెవి ఒకటీనా?"

పల్లయ్య వచ్చి గొంతుకూర్చుండి దుంప నందుకొని అరచేతులు మార్చుకొనుచు ఊదసాగెను. అతని వెనుక సందులో దడికమ్మ పట్టుకొని నాగరత్నము నిలిచియుండెను. బాపన్న కుండ అడుగున బాగుగ మ్రగ్గిన దుంపను ఏరి తోలు తీసి అరటియాకులో నుంచెను. దూడవైపు చూడలేదు.

"నాగరత్నం, అక్కడ నిలబడిపోయావేం? వచ్చి కూర్చో."

ఆమె వచ్చి ఒదిగి కూర్చుండి తినెను. రెండవ కబళమునకు ఆమె కన్నులు నిండెను.

"బావగారండీ, ఆ రోజు నేను తీగ కోసింది..."

బాపన్న చేయి యెత్తెను.

"ఆగమ్మా. ఆ సంగతి నేనెత్తను. నువ్వూ ఎత్తకు."

"అన్నయ్యా, పోనీ తప్పు ఎవరిదో తేల్చేసి..." అని పల్లయ్య నిండునోటితో అనబోయెను.

"నోట్లో దుంప ఉండగా మాటేమిట్రా! ఈ పెరట్లో ఆ మాట ఇంక పుట్టదు. నా నోట అసలే పుట్టదు. తినండి, చల్లారిపోతోంది."

వారు తినిరి. ఎండ దడిమీదికి వాలువఱకును తినిరి. దొంగ యని యొకనాడు పదిమందిలో ననిన మాటను బాపన్న మఱల అనలేదు, అనలేదని ఒప్పుకొననులేదు, తప్పయినదని చెప్పనులేదు. కొందఱు క్షమించుటకు మాట వెదకుదురు. మాట దొరకనివారు చేతికందినది పెట్టుదురు. ఈ రెండిండ్లవారు ఎట్లు కలిసిరని ఊరివారు అటుపైని ఎన్నియో మాఱులు అరుగు చేరి యడిగిరి. అడిగినవారి కెల్ల అతడు దుంప పెట్టెను. మాట పెట్టలేదు.