పచ్చని చాప కింది పెరడు

సోమందేపల్లెలో హైవే పక్కన ఉన్న గోవిందప్ప ఇంటికి వెనుక విశాలమైన పెరడు ఉండేది. అతని భార్య పుష్పావతి ప్రతి ఉదయం పెరటి తలుపు తీసి, చీపురు పట్టే ముందు నేలను ఒకసారి పరికించేది. ఆనాడు అక్కడ నడవబోయేవారి అడుగులు అప్పటికే ఆ ఎర్రమట్టిలో పడి ఉండేవి. పాలు పోసే గంగప్ప ఈడ్చే కాలు, పెనుకొండ నుంచి వచ్చే ఆడబిడ్డ వెడల్పాటి మడమ, మేకపిల్ల గిట్టలు అన్నీ గుర్తుపట్టి, అందుకు తగినట్టు ఎసట్లో బియ్యం పోసేది. ఆ తరువాత చిమ్మి నీళ్ళు చల్లేది.

ఇది ఎవరికీ వింత కాదు. "వదినా, మా ఆయప్ప ఈ పొద్దు మీ ఇంటికొచ్చేది ఉండాదా?" అని పొరుగువారు గోడ మీదుగా అడిగి తెలుసుకునేవారు. ఆ మట్టిని చెప్పులతో మాత్రం ఎవరూ తొక్కరాదు. చెప్పు తొడిగితే కాలెవరిదో నేలకు తెలియదని గోవిందప్ప తల్లి రామలక్ష్మమ్మ పెట్టిన కట్టడి అది.

పడిన అడుగు ఎన్నడూ తప్పలేదు. ఒకసారి ఆడబిడ్డ అడుగులు చూసి, వంట తప్పించుకుందామని పుష్పావతి ఇంటికి తాళం వేసి పోయింది. తిరిగి వచ్చేసరికి ఆ మహాతల్లి గోడ దూకి వచ్చి, పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

నిరుడు ఒకనాడు పుష్పావతి నేలను చూసి, లోపలికి వచ్చి పొయ్యి ఆర్పేసింది. వెనుక గేటు నుంచి నలుగురి అడుగులు తేలికగా వచ్చి, పోయేటప్పుడు లోతుగా, దగ్గరదగ్గరగా దిగి ఉన్నాయి. మధ్యాహ్నానికి రామలక్ష్మమ్మ కన్నుమూసింది. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలగరాదు గదా.

ఆనాటి నుంచి గోవిందప్ప పొద్దెక్కేదాకా పెరటి వైపు రావడం మానుకున్నాడు. కూతురు సరళ టెన్నిస్‌లో జిల్లా మొత్తానికి మొదట నిలిచి, ఇంటి దగ్గరే కోర్టు కావాలని అడిగినప్పుడు అతను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. బిడ్డ మీది ప్రేమ ఒక కారణం. ఆ నేల నోరు మూయవచ్చునన్నది మరొకటి.

"మట్టిని కప్పితే రావల్సింది రాకుండా పోతాదా?" అంది పుష్పావతి.

"వస్తే రానీ. ముందే తెలుసుకోని పొద్దంతా చావల్లా?"

ఆమె చీపురు తీసుకుని పెరట్లోకి దిగింది.

హిందూపురం నుంచి షాకీర్ తన మనుషులతో వచ్చాడు. పైమట్టి ఎత్తి ఒక మూల కుప్ప పోశారు. కంకర పరిచి రోలరు తిప్పారు. నల్లగుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ గడ్డి చుట్టలను విప్పి, అంచుకు అంచు అతికించారు.

"దీనికి నీళ్ళు?" అని అడిగాడు గోవిందప్ప.

"నీళ్ళెందుకన్నా? మన జిల్లా కోసమే పుట్టిన గడ్డి ఇది."

"ఆ మాట మా మేకకు చెప్పప్పా," అంది పుష్పావతి. మేక అప్పటికే ఒక అంచు కొరికి చూసి, ముఖం తిప్పుకుంది.

బెంగళూరు నుంచి సరళకు బూట్లు వచ్చాయి. ఆడపిల్లల జతలేవీ పట్టక మగవారి జత తెప్పించవలసి వచ్చింది.

"అన్నీ నా పోలికే, కాళ్ళు మాత్రం మీ నాయనవి," అని తల్లి నవ్వింది. "లారీ చక్రాలు!"

"ఉండనీలేమ్మా. రెండు అంగల్లో కోర్టు దాటుతా."

"నా కాళ్ళనేమీ అనద్దండి," అంటూ గోవిందప్ప ఒక బూటు తొడిగి చూసుకున్నాడు. "నాకే కుట్టినట్టుండాది చూడు!"

గడ్డిపోచలు నిలబడడానికి వాటి సందుల్లో సన్నని ఇసుక నింపాలి. ఇసుక లారీ దారిలోనే చెడి ఆగిపోయింది. మరునాడు ఉదయమే సరళ తొలి ఆట. గోవిందప్ప ఆగలేకపోయాడు.

"ఆ మూల కుప్ప ఉండాది గదా? జల్లెడ పట్టి పొయ్యండప్పా."

"మట్టి గదన్నా!"

"ఇసుకమన్నే అది. పొయ్యప్పా."

జల్లించిన ఎర్రమట్టిని పచ్చిక మీద చల్లి, బ్రష్షులతో లోపలికి దిగేదాకా తోశారు. పుష్పావతి గడపలో నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ షాకీర్ హెచ్చరించాడు: "వట్టి కాళ్ళతో ఆడితే చర్మం లేస్తాది పాపా. బూట్లతోనే దిగల్ల."

మరునాడు తెల్లవారుతుండగా, ఏడాది తరువాత మొదటిసారిగా, గోవిందప్ప తానే పెరటి తలుపు తీశాడు. పచ్చిక తలదువ్వినట్టు నిలిచి ఉంది. గడప నుంచి బయలుదేరిన బూటు గుర్తులు మాత్రం పోచలను నలిపి, కింది ఎర్రదనాన్ని బయటపెట్టాయి. మడమ దగ్గర నక్షత్రం. అవి కోర్టు నడుమకు పోయి, వల దగ్గర ఆగాయి. అక్కడ నుంచి ఎటూ కదలలేదు. వెనుక గేటు నుంచి నలుగురి వట్టి కాళ్ళు అక్కడికే తేలికగా వచ్చాయి. తిరిగి లోతుగా, దగ్గరదగ్గరగా పోయాయి.

మడమ కింద అదే నక్షత్రం ఉన్న సరళ బూట్లు మెట్టు మీదే ఉన్నాయి. కొత్త లేసులు.

దాచవచ్చు. కాల్చవచ్చు. కానీ గోడ దూకి వచ్చిన చెల్లెలు అతనికి గుర్తుకు వచ్చింది. ఆ వెంటనే తల్లి పెట్టిన కట్టడి కూడా గుర్తుకు వచ్చింది: చెప్పు తొడిగితే కాలెవరిదో నేలకు తెలియదు.

లోపలి నుంచి సరళ కేక వేసింది: "నాయనా, నా బూట్లు ఆడుండాయా?"

"ఉండాయిలే. నువ్వు తలకు పోసుకోనిరా. తొందరేమీ లేదు."

అతను మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. లేసులు బిగించి ముడి వేశాడు. కాలు ఎక్కడా వదులు కాలేదు. మొదటి గుర్తు మీద పాదం మోపాడు. నక్షత్రం నక్షత్రంలో కూర్చుంది. అంగకు అంగ సరిగ్గా కలుస్తుండగా, ఒక్కటీ తప్పకుండా నడిచి, వల దగ్గర చివరి గుర్తు మీద నిలిచాడు. గోడ మీదుగా ఎండ వచ్చి అతని ముఖాన పడింది. నేల మీది గుర్తు ఒక్కటీ చెరగలేదు.

తలుపు దగ్గర పుష్పావతి నిలబడి ఉంది. ఆమె చూపు గేటు నుంచి వలకు, వల నుంచి భర్త కాళ్ళకున్న బూట్లకు వచ్చి ఆగింది.

"పాప యాడుండాది?" అని అడిగాడతను.

"నీళ్ళు పోసుకుంటాంది."

"పోసుకోనీ."

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లో పొయ్యి ఆర్పిన చప్పుడు అతనికి వినిపించింది.