యాక్చువల్‌గా బాగుంది

వదిన సొంతంగా పార్లర్ తెరిచిన కొత్తల్లోనే ఆడపడుచు వచ్చి జుట్టు కత్తిరించుకుంది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "యాక్చువల్‌గా బాగుంది వదినా!" అని మురిసిపోతూ వెళ్లింది.

నేల మీది వెంట్రుకలు ఊడుస్తున్న వదిన చీపురు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. బాగుంది, సరే. ముందు ఆ యాక్చువల్‌గా దేనికి?

ఇంటికెళ్లగానే, బళ్లో ఇంగ్లీషు చెప్పే మొగుణ్ణి పట్టుకుంది.

"యాక్చువల్‌గా అంటే ఏంటండీ?"

"నిజానికి అని."

"నిజానికి బాగుందంటే, అబద్ధానికి ఎలా ఉన్నట్టు?"

ఆయనకు పాఠం చెప్పే హుషారొచ్చింది. "మనం ఒకటి అనుకుంటాం. తీరా చూస్తే ఇంకోలా ఉంటుంది. అప్పుడు వాడతారు. ఉదాహరణకి, నిన్న నువ్వు చేసిన కూర యాక్చువల్‌గా..." అని నాలుక్కరుచుకున్నాడు.

"ఊఁ. కూర?"

"ఈ ఉదాహరణ వద్దులే."

ఆ పూట ఆయన అడిగి మరీ కూర మారు వడ్డించుకున్నా ఆవిడ మొహం విచ్చుకోలేదు. ఆ తర్వాత పార్లర్లో ఎవరు "బాగుందండీ" అన్నా, మాట వెనక ఇంకేం దాక్కుందోనని అద్దంలో వాళ్ల మొహాలు పరీక్షగా చూడడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు ఆడపడుచు మళ్లీ వచ్చింది, ముందుజుట్టు సరిచేయమని. వదిన ఆమె మెడచుట్టూ గుడ్డ కట్టి, కత్తెర చెవిదాకా తెచ్చి ఆపింది.

"ఆ రోజు యాక్చువల్‌గా అన్నావు. పాడుచేస్తాననుకున్నావా?"

"అయ్యో, అది ఊతపదం వదినా! నోటికలా వచ్చేస్తుంది."

కత్తెర కదల్లేదు.

"సరే, భయపడ్డాను! నువ్వు పని నేర్చుకునేటప్పుడు అన్నయ్య తలని ఏం చేశావో చూశాను కదా. టోపీ పెట్టుకుని పాఠాలు చెప్పాడు పాపం. నేనైతే ఎందుకైనా మంచిదని బ్యాగులో స్కార్ఫ్ పెట్టుకునే వచ్చా."

"స్కార్ఫా!"

"బయటికి తియ్యలేదుగా! జుట్టు విరబోసుకునే ఊరంతా తిరిగా."

వదినకు కోపం రావాల్సిందే, కానీ నవ్వు ముందొచ్చి కూర్చుంది. ఆ ప్రయోగాల రోజుల్లో మొగుడి తల చూసి తనకే ఏడుపొచ్చిన సంగతి గుర్తొచ్చింది.

"అంత భయమున్నదానివి ఎందుకొచ్చావే?"

"మా వదిన పార్లర్‌కి నేనే రాకపోతే ఇంకెవరొస్తారు?"

వదిన కత్తెర బల్ల మీద పెట్టేసి, పక్క కుర్చీలో కూలబడింది. ఇద్దరికీ నవ్వు ఆగాకే మళ్లీ పని మొదలైంది.