మిరియాల తూటా

మంత్రసాని ఓదిల్ సైకిలు కొన్న దగ్గర్నుంచీ సెంతెతియెన్ పట్నం చుట్టూ ఉన్న కొండపల్లెల కుక్కలకు ఆమె పిక్కల మీదే కన్ను. గుర్రబ్బండి వస్తే తోకయినా కదపనివి కూడా సైకిలు కనబడితే దడి దూకి వచ్చేవి. అందులో రైతు బార్తెలెమీ పొలంలో కుక్క మరీ ఘోరం. ఆమె కొత్త పావడా అంచు పీకి గడ్డివాములోకి ఈడ్చుకుపోయింది.

ఓదిల్ ఊళ్లో తుపాకుల కొట్టుకు వెళ్లి గోడు చెప్పుకుంది. కొట్టాయన అరచేతిలో ఇమిడే రివాల్వరు తీసి బల్లమీద పెట్టాడు. దాని ట్రిగ్గరు చాకులా మడత పడుతుంది.

"సైకిలు తొక్కేవాళ్లంతా ఇదే కొంటున్నారు మదామ్. జేబులో బట్టకు తగులుకోదు."

"పిల్లల్ని పుట్టించేదాన్ని నాయనా. కుక్కనైనా నేను చంపలేను."

"చంపడమెందుకు? ఈ తూటాల్లో సీసం లేదు, మిరియాల పొడి. మొహాన పడిందంటే తుమ్ముకుంటూ ఇంటికి పోతుంది."

కొన్నాళ్లకు బార్తెలెమీ భార్య యూలాలీకి నొప్పులని కబురొచ్చింది. ఓదిల్ గేటు దగ్గర సైకిలు దిగిందో లేదో, కుక్క వచ్చేసింది. ఆమె జేబులో చెయ్యి పెడితే ముందు కత్తెర వచ్చింది, తర్వాత జున్నుముక్క, ఆఖరికి రివాల్వరు. మడత విప్పి, కళ్లు మూసుకుని నొక్కింది.

ఢామ్మన్న చప్పుడుకు కుక్క వాకిట్లో ఉన్న గడ్డిబండికింద దూరింది. మిరియాల పొగ మాత్రం గాలివాటున, వేణ్నీళ్ల బిందెతో వస్తున్న బార్తెలెమీని చుట్టేసి, తెరిచిన కిటికీలోంచి గదిలోకి పోయింది.

"ఎవర్ని కాల్చారు మదామ్?" అంటూ అతను తుమ్మాడు. బిందె కాళ్లమీద పడింది.

"నీ కుక్కనే... లేదయ్యా, అది బాగానే ఉంది," అంటూ ఆమె తుమ్మింది.

లోపల యూలాలీ తుమ్ములు వరసపెట్టి వినిపించాయి. తెల్లవారుజామునుంచీ ఎటూ తేలని కాన్పు. ఆ తుమ్ముల ఊపుకు బిడ్డ కదిలింది కాబోలు, "మదామ్, వచ్చేస్తోంది," అని ఆమె కేక. ఓదిల్ మళ్లీ నీళ్లు తెప్పించి, చేతులు రెండుసార్లు కడుక్కుని పరిగెత్తింది. కళ్లనీళ్లు కారుతుండగానే బిడ్డను అందుకుంది. ఆడపిల్ల, బొద్దుగా ఉంది.

"సైకిలు మీద వచ్చి తుపాకీతో కాన్పు చేసింది," అని బార్తెలెమీ సంతలో అందరికీ చెప్పాడు. ఓదిల్ సిగ్గుతో రివాల్వరును బీరువాలో దుప్పట్ల కింద దాచేసింది.

అయినా ఏ ఇంటికి వెళ్లినా నొప్పులు పడుతున్న ఆడవాళ్లు మొదట అడిగేది అదే.

"అది తెచ్చారా మదామ్?"

"తెచ్చాలే అమ్మా. అవసరమైతే తీస్తాను," అనేది ఓదిల్, ఖాళీ జేబు తట్టి చూపిస్తూ. ఆ మాటతో వాళ్లు కుదుటపడేవారు.