పూజనాటి హాజరు

నేను బాలానగర్‌లో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో హాజరు చూసే టైమాఫీసు గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఈ పార్థసారథి మంచివాడని కార్మికులందరూ అనేవారు. ఊరికే వచ్చే మంచిపేరు ఎవరికి చేదు? ఆ మంచితనమే ఒక మనిషి కొంప ముంచింది.

అతని పేరు లింగయ్య. పద్దెనిమిదేళ్లు ఒకే లేత్ మిషన్ మీద పనిచేశాడు. తొంభై ఎనిమిది వేసవిలో అతనికి క్షయ తిరగబెట్టింది. బీమా దవాఖాన డాక్టరు పని చెయ్యకూడదని వారంవారం చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీ చూసి బీమా ఆఫీసు జీతంలో కొంత భాగం భత్యంగా ఇచ్చేది. దవాఖానలో లేని ఖరీదైన మందులు బయట కొనుక్కుంటే ఆ బిల్లులూ మంజూరు చేసేది. ఆ మందులతోనే మనిషి కోలుకుంటున్నాడు. దగ్గితే రక్తం పడటం ఆగింది. భార్య సత్తెమ్మ మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ ఆఫీసుల దగ్గర తట్టలు మోసేది. ఇద్దరూ రాయదుర్గంలో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవారు.

ఆ ఏడు ఆయుధపూజనాడు లింగయ్య ఫ్యాక్టరీకి వచ్చాడు. కొక్కేనికి తగిలించినట్టు ఒంటి మీద చొక్కా వేలాడుతోంది.

"నువ్వెందుకొచ్చావయ్యా ఈ ఒంటితో?" అన్నాను.

"నా మిషన్‌కు ఇంకొకలు బొట్టు వెడితే నాకు మంచిగనిపియ్యది సారూ. గిన్నేండ్లు బువ్వ వెట్టింది."

లేత్‌ను తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కోశాడు. ఆ మాత్రానికే ఆయాసపడి నేలమీద కూలబడ్డాడు. మా దగ్గర పూజనాడు హాజరుపట్టీలో సంతకం పెట్టినవాళ్లకే మిఠాయి డబ్బా ఇస్తారు. అతణ్ణి వట్టి చేతులతో పంపడానికి నాకు మనసొప్పలేదు.

"ఇక్కడో సంతకం పడేసి డబ్బా తీసుకుపో."

"సిక్కు లీవుల ఉన్న గద సారూ, ఏం గాదా?"

"నేనుండగా నీకేం ఫికర్?" అన్నాను. ఎంత దర్జాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నెల తిరక్కుండా బీమా ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. పని చెయ్యలేడని డాక్టరు చీటీ ఇచ్చిన రోజునే, పనికి వచ్చినట్టు సంతకం ఉంది. ఆయన్ని అనడానికేముంది? పుస్తకంలో ఉన్నదే చదివాడు. విచారణ తేలేదాకా భత్యం ఆగిపోయింది. మందుల బిల్లులు తిరిగొచ్చాయి.

మధ్యలో మందు మానితే జబ్బు మొండికేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. ఉన్న దారి ఒక్కటే. అతను ఆ రోజు పని చెయ్యలేదని, మిఠాయి కోసం నేనే సంతకం పెట్టించానని రాసివ్వాలి. రాసిస్తే దొంగ హాజరు వేయించినందుకు మేనేజరు నన్ను ఇంటికి పంపేస్తాడు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు కాగితం రాశాను. దాన్ని తీసుకుని బీమా ఆఫీసుకు వెళ్లవలసినవాణ్ణి, లింగయ్య ఇంటికి వెళ్లాను.

అతను మంచం మీదే ఉన్నాడు. కాగితంలో ఏముందో చదివి చెప్పాను.

"వద్దు సారూ. నా పానం కోసం మీ కొలువు పోవుడేంది? మీకు పిల్లలున్నరు. నేను ఎట్లన్న జేసుకుంట."

"కాదు, ఇచ్చేస్తాను" అన్నాను. ఒక్కసారే అన్నాను. అతను మళ్లీ వద్దనగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నిజం చెప్పాలి కదా, ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

వాళ్లు కొన్నాళ్లు మందులు కొన్నారు, కొన్నాళ్లు మానేశారు. శివరాత్రికి ముందు లింగయ్య పోయాడు.

వెళ్లాను. సత్తెమ్మ ఏడుస్తూనే నన్ను చుట్టాలందరికీ చూపించింది.

"గీ సారే. మా ఆయన ఆఖరిదాంక జెప్పిండు. నా కోసం కొలువు ఇడిసిపెడతనని ఇంటిదాంక వచ్చిండు, గసొంటి మనిషి యాడుంటడే అని."

అందరూ నాకు దారిచ్చారు. ఆమె గదిలో ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో తుడిచి నా ముందు వేసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నిజం చెప్పేద్దామనుకున్నాను.

కుర్చీలో కూర్చున్నాను.