నాలుగొందల మీటర్లకి అలుపెంత

మార్కు మాస్టారిది ఒక పద్ధతి. ఆయన డ్రిల్లు చెప్పే బడికి తిన్నగా వంద మీటర్లు పరిగెత్తించేంత మైదానమే ఉంది. జిల్లా పోటీలకు పేర్లు పంపేటప్పుడేమో నాలుగు వందల మీటర్ల టైము కూడా రాయమంటారు. అందుకని వంద మీటర్ల టైమును నాలుగుతో గుణించి, అలుపు కింద పది సెకన్లు కలిపి రాసేసేవారు. చుట్టుపక్కల మండలాల మాస్టర్లందరూ చేసేదీ అదే. ఏళ్ళ తరబడి పిల్లలు అడుగు వేయకుండానే నాలుగు వందల మీటర్లు పరిగెత్తేశారు. గుణించి పెట్టే పని మాత్రం మాస్టారి భార్య సువర్ణమ్మది. ఆవిడ అనకాపల్లిలో బి.ఎస్సీ. లెక్కలు చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువు కుక్కరు విజిళ్ళకీ, ఇదిగో, ఈ గుణకారాలకీ పనికొచ్చింది.

తొంభై ఏడులో పైనుంచి కొత్త రూలొచ్చింది. ఇకపై నిజంగా పరిగెత్తించిన టైమే పంపాలిట. మాస్టారు రెండు రోజులు గొణుక్కుని, చివరికి మైదానం పక్కనున్న జీడితోట చుట్టూ సున్నపు గీత పోయించారు. ఒక్కొక్కరుగా వదిలితే, వంద మీటర్లు దాటగానే పిల్లలు చెట్లలోకి మాయమై, ఆఖరి మలుపులో మళ్ళీ కనబడతారు. మధ్యలో ఏం జరిగేదీ చెట్లకే తెలియాలి.

మొదటి రోజు సాయంత్రం ఆయన చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశారు.

"సువర్ణా! మన కృపాజ్యోతి నాలుగొందలు ఎంతలో కొట్టిందో తెల్సా? యాభై ఆరు!"

కృపాజ్యోతి ఎనిమిదో తరగతి పిల్ల. తల్లి దేవుడమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆ జీడిరసానికి దేవుడమ్మ వేళ్ళు నల్లబడి, తోలు ఊడి, చర్చిలో పాటల పుస్తకం పేజీ తిప్పడానికి కూడా పక్కావిణ్ణి అడుగుతుంది. జిల్లా పోటీల్లో మొదటొచ్చిన పిల్లకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. రాకపోతే వేసవి నుంచి కూతుర్నీ పిక్కల దగ్గర కూర్చోబెడతానని దేవుడమ్మ తేల్చి చెప్పేసింది.

"వంద మీటర్లు ఎంతలో పరిగెడుతుందండీ?" అంది సువర్ణమ్మ.

"పద్నాలుగు."

పప్పు తిప్పుతున్న గరిటె ఆగింది. "పద్నాలుగు నాలుగులు యాభై ఆరు. మరి అలుపేదీ?"

"ఏటే?"

"మీరే కదండీ పది కలపమనేవారు. లోకంలో ఎంత గొప్పవాళ్ళకైనా నాలుగైదు సెకన్లు కలపనిదే లెక్క కుదరదు. మనుషులన్నాక అలుపుంటుంది. దీనికి సున్నా వచ్చింది."

"దేవుడిచ్చాడనుకోవాలి గానీ, దేవుడి దగ్గర కూడా లెక్కలడుగుతావేటే?"

మర్నాడూ యాభై ఆరే. ఆ మర్నాడూ అదే. సువర్ణమ్మకు అన్నం సయించలేదు. ఆ తోటలో ఇంకో పిల్ల దాక్కుని ఉంది, మధ్యలో మారిపోతున్నారు, అంతకన్నా మరేం కాదు. పట్టుబడితే పిల్ల సీటుతోబాటు మొగుడి పరువూ పోతుంది. నాలుగోనాడు పిల్లలు రాకముందే గొడుగు పట్టుకుని వెళ్ళి, గీత పక్కన ఒక లావుపాటి జీడిచెట్టు వెనక నిలబడింది.

మైదానంలో విజిలు మోగింది. కాసేపటికి కృపాజ్యోతి తోటలోకి వచ్చింది. నాలుగు చెట్లు దాటింది. ఆగిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వంగి, రొప్పసాగింది.

"ఏటే, ఆగిపోయావేం?" అంటూ సువర్ణమ్మ బయటికొచ్చింది.

పిల్ల ఉలిక్కిపడలేదు. పెదవుల మీద వేలు పెట్టి, "ఎల్తంది అమ్మగారూ" అంది మెల్లిగా.

గీత పొడవునా ఎండిన జీడాకులు ఒకదాని తర్వాత ఒకటి నలుగుతున్నాయి. బేగి బేగి, సమంగా. మనిషి లేదు. సువర్ణమ్మ చూస్తూండగానే ఆ చప్పుడు తోట మలుపు తిరిగి మైదానం వైపు పోయింది. ఇంకొంత సేపటికి అక్కణ్ణించి చప్పట్లు, పిల్లల కేకలు, వాటి మీద మాస్టారి గొంతు: "మళ్ళీ యాభై ఆరే! శభాష్ కృపా!"

కృపాజ్యోతి ఎదురుగానే ఉంది. ఇంకా రొప్పుతోంది.

సువర్ణమ్మ గొడుగు కొసతో మైదానం వైపు చూపించింది. "అక్కడ గీత దాటిందెవరే?"

"నాలాగే ఉంటాదండి. ఊపిరి సప్పుడు మాత్రం ఉండదు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్రోజు అలుపొచ్చీసి ఇక్కడ కూలబడిపోయానండి. నా పక్కనించి ఎల్లిపోయింది. గీత దాటేక మళ్ళీ తోటలోకొచ్చీసింది. నానెల్లేసరికి మాస్టారు వీపు తట్టేరు." తల దించుకుంది. "నానేటీ అడగలేదండి. అదేటీ సెప్పలేదండి."

పరిగెత్తుకుంటూ ఇంటికి పోవాలని సువర్ణమ్మకు గట్టిగా అనిపించింది. కానీ లెక్క సగంలో వదిలే అలవాటు లేదు.

"విశాఖపట్నం గ్రౌండులో చెట్లుండవే పిచ్చిదానా. పది మంది కళ్ళముందు నువ్వు వంద మీటర్ల దగ్గర కూలబడితే సీటెవరిస్తారు?"

పిల్ల నల్లబడని తన వేళ్ళవైపు చూసుకుంది.

"రేపట్నుంచి మొత్తం నువ్వే పరిగెత్తాలి."

"మరి అదండి?"

"దాని పని అది చూసుకుంటుంది."

మర్నాడు డెబ్భై మూడు వచ్చింది. మాస్టారి ముఖం పాలిపోయింది. "పిల్లకి దిష్టి తగిలీసిందే. పాస్టరు గారికి తెలీకుండా ఉప్పు తిప్పి పడెయ్" అన్నారు. పది రోజులు గడిచేసరికి అరవై ఆరుకు దిగింది. నాలుగు పద్నాలుగులు, పైన పది. మనిషి లెక్క కుదిరిందని సువర్ణమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ టైముతో మాత్రం సీటు కుదరదు.

ఆ తర్వాత ఒక్కో సెకనే దిగడం మొదలైంది.

"ఏం చేస్తున్నావే?" అని అడిగింది సువర్ణమ్మ.

"అది ముందెల్తందండి. దాని ఈపు సూసుకుంటా ఎల్తన్నాను."



జిల్లా పోటీల రోజు విశాఖపట్నంలో ఎండ పేలిపోతోంది. చెట్టు లేదు, నీడ లేదు. గ్యాలరీలో సువర్ణమ్మ చేతికి మాస్టారు స్టాప్ వాచీ ఇచ్చి, గీత దగ్గరకు పోయారు. కృపాజ్యోతి మొదటి వంద దాటింది, ఆగలేదు. రెండో వంద. మూడో వంద. మిగతా పిల్లలు వెనకబడిపోయారు. ఆఖర్న తన ముందెవరూ లేకపోయినా, అందని కొంగు పట్టుకోబోయినట్టు చేయి చాచి గీత దాటింది.

అరవై ఒకటి అని మైకులో చెప్పారు. మొదటి స్థానం. సువర్ణమ్మ చేతిలో వాచీ అప్పటికే యాభై ఆరు దగ్గర ఆగి ఉంది. ఎప్పుడు నొక్కిందో తనకే తెలియదు. మాస్టారు చూడకముందే సున్నా చేసేసింది.

బహుమతులిచ్చే చోట మూడు చెక్కపెట్టెలు. ఎత్తుపెట్టె మీద ఒకటి అని రాసి ఉంది. కృపాజ్యోతి తిన్నగా వెళ్ళి రెండో పెట్టె ఎక్కి నిలబడింది. అసలు రెండో స్థానం పిల్ల, పాయకరావుపేట అమ్మాయి, మోచేత్తో పొడిచింది. "ఇది నాది. పైకెల్లవే!"

"ఏయ్ పాపా, ఒకటో నంబరు నీదే, ఎక్కు!" అన్నాడు పతకాలు పట్టుకున్న పెద్దమనిషి.

"అక్కడ ఖాళీ లేదండి" అంది కృపాజ్యోతి.

జనం నవ్వారు. హాస్టల్ సీట్లు రాసుకుంటున్న ఆఫీసరు మాత్రం నవ్వలేదు. పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. పక్కాయన తన కణతను వేలితో తాకి చూపించాడు. ఆఫీసరు పెన్ను మూత పెట్టబోయాడు.

సువర్ణమ్మ కొంగు దోపుకుని గ్యాలరీ దిగింది. తిన్నగా ఎత్తుపెట్టె ముందుకెళ్ళి నిలబడి, బస్సులో సీటు వదలని వాళ్ళతో మాట్లాడే గొంతుతో, మెల్లిగా అంది:

"దిగమ్మా. నువ్వు గెలిచావ్, కాదన్లేదు. కానీ హాస్టల్లో అన్నం పెడతారు, నీకు అన్నం అక్కర్లేదు. దీనికి కావాలి. నీకలుపు లేదు కదా, కాసేపు నించోలేవా? దిగు."

చెక్క కిర్రుమంది. కృపాజ్యోతి చూపు పెట్టె మీదనుంచి నేల మీదికి నెమ్మదిగా జారింది. పిల్ల ఎత్తుపెట్టె ఎక్కింది. మెడలో పతకం పడింది. ఆఫీసరు పెన్ను మూత తీసి రాసుకున్నాడు.

"ఏటే, పెట్టెతో మాటాడతన్నావ్?" అని గీత దగ్గర్నుంచి కేకేశారు మాస్టారు.

సువర్ణమ్మ గ్యాలరీ వైపు నడుస్తూంటే పక్కనే ఇసుక నలుగుతోంది. తను ఆగితే ఆగుతోంది. ఊపిరి చప్పుడు లేదు. దిగమన్నది తనే. ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలో చెప్పాల్సిందీ తనే. గ్యాలరీలో తన చోటు పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చెంగుతో మెట్టు తుడిచింది.

"కూర్చో" అంది.